పెట్టుపోతలా, పెట్టుబడా?

ఈ శీతాకాలం నా నెత్తిన రెండు బాకీలు పడ్డాయి. రెండూ బ్యాంకువి కావు. మొదటిది ఇక్కడే, బిలాస్‌పూర్‌లో ఉన్న మా చెల్లెలి కూతురు ఓణీల వేడుక. మేనమామను నేనొక్కడినే. రెండోది ఠాణేలో ఓ యూదు కుర్రాడి బార్ మిట్జ్వా. వాడి తాతగారు, మా నాన్నగారు ఇక్కడి రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఏళ్ల తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లు. ఇప్పుడు ఇద్దరూ లేరు. వాళ్లకు రావలసిన పిలుపులు నాకొచ్చాయి.

కవర్లో డబ్బు పెట్టి ఇచ్చేద్దామన్నాను. ‘కవరు చింపి పారేస్తారు. ఒంటిమీద వేసుకునేది ఏదైనా పెట్టు’ అంది అమ్మ. ఆమె దృష్టిలో కానుకలు రెండే రకాలు. ఒంటిమీదికి వచ్చేవి, బీరువాలోకి పోయేవి.

మన భాష కూడా ఆమె వైపే ఉంది. మనం బట్టలు ‘ఇవ్వం’, ‘పెడతాం’. బొట్టుపెట్టి, పళ్లెంలో తాంబూలంతో పెడతాం. అందుకే అవి పెట్టుపోతలయ్యాయి. అదే ‘పెట్టు’ పక్కన ‘బడి’ చేరిస్తే పెట్టుబడి అవుతుంది. గత ఇరవై ఏళ్లలో మన ఇళ్లల్లో జరిగిందంతా ఈ రెండక్షరాల మార్పేనేమో. 2025 ఏప్రిల్‌లో తులం బంగారం మొదటిసారి లక్ష రూపాయలు తాకాక శుభకార్యంలో పెట్టిన గొలుసు సాయంత్రానికల్లా లాకరులోకి చేరుతోంది. పెట్టినవాడికి తృప్తి లేదు, పెట్టించుకున్న పిల్లకు అది వేసుకునే యోగం లేదు.

బిలాస్‌పూర్ తెలుగువాళ్ల సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పట్టాలు వేసింది. అదే కంపెనీ రైళ్లు వాల్తేరుకూ నడిచాయి. అలా ఉత్తరాంధ్ర పల్లెల నుంచి బయల్దేరిన మనవాళ్లు ఖరగ్‌పూర్‌లో దిగారు, రాయపూర్‌లో దిగారు, ఇక్కడా దిగారు. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చింది. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. ఇళ్లల్లో తెలుగు, ఆఫీసులో హిందీ, బుధ్వారీ బజార్లో ఛత్తీస్‌గఢీ. మూడో తరానికి వచ్చేసరికి ఇంట్లోని తెలుగు కూడా వంటగది దాటడం మానేసింది. నా మేనకోడలు ఫోన్ చేసి అడిగిన మాట ఇది: ‘మామా, ఓణీ మత్లబ్ హాఫ్ శారీ హీ నా?’

ఆ యూదు పెద్దాయన కూడా ఇలాంటి వలస రైల్వే మనిషే. బెనె ఇజ్రాయెల్ సముదాయానికి చెందినవాడు. వీళ్ల పూర్వీకులు ఓడ పగిలి కొంకణ తీరంలో నవ్‌గావ్ దగ్గర ఒడ్డున పడ్డారని వాళ్లలో చెప్పుకుంటారు. అక్కడ గానుగ ఆడించి బతికారు. శనివారం మాత్రం గానుగ కట్టేవారు కాదు. దాంతో చుట్టుపక్కలవాళ్లు వారికి ‘శనివార్ తేలీ’ అని పేరు పెట్టారు. ఇంగ్లీషువాళ్ల కాలంలో సైన్యంలోకి, తపాలాలోకి, రైల్వేలోకి వచ్చారు. 1948 తర్వాత ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్లు ముంబై, ఠాణేల్లో మరాఠీ మాట్లాడుతూ ఉన్నారు.

రైల్వే షిఫ్టులకు శుక్రవారం పొద్దుగూకడం, శనివారం తెల్లవారడం అనే తేడాలు తెలియవు. కాబట్టి నాన్నగారు, అంకుల్ మధ్య ఒక ఒప్పందం. శుక్రవారం రాత్రి, శనివారం డ్యూటీలు నాన్నగారివి. సంక్రాంతి, ఉగాది, వినాయకచవితి డ్యూటీలు అంకుల్‌వి. నాన్నగారు వెంకన్న భక్తులు, శనివారం ఒంటిపూట భోజనం. ‘మీ దేవుడు శనివారం పని మానమన్నాడు, మా దేవుడు అన్నం మానమన్నాడు. నాకే నష్టం’ అనేవారు. రికార్డుల్లో ఎక్కడా లేని ఈ ఒప్పందం ఇద్దరూ రిటైరయ్యేదాకా చెల్లింది. అలాంటి మనిషి మనవడికి ఏం పెట్టాలి?

తోచిన మొదటి ఆలోచన అందరికీ తోచేదే. ఆరు కోణాల దావీదు నక్షత్రం ఉన్న వెండి లాకెట్. బజారుకు బయల్దేరేముందు అంకుల్ కొడుక్కి ఫోన్ చేశాను. చిన్నప్పుడు రైల్వే గ్రౌండులో నాతో క్రికెట్ ఆడినవాడు. నవ్వాడు. ‘లాకెట్లు ఇప్పటికే నాలుగొచ్చాయి. వాడు మెడలో ఏదీ ఉంచుకోడు’ అన్నాడు. తర్వాత మాటల్లో అసలు సంగతి బయటపడింది.

బార్ మిట్జ్వా అంటే మగపిల్లవాడికి పదమూడేళ్లు నిండి మతవిధులకు తానే జవాబుదారీ అయ్యే రోజు. ఆడపిల్లకు పన్నెండేళ్లకే వస్తుంది, అది బాట్ మిట్జ్వా. కుర్రాడు ప్రార్థనామందిరంలో తోరా ముందు నిలబడి చదువుతాడు. అప్పుడు భుజాల మీద వేసుకునే శాలువాను తల్లిత్ అంటారు. నాలుగు మూలలకూ దారాల కుచ్చులుంటాయి. ఆ కుచ్చుల పేరు ‘సీసిత్’. హీబ్రూలో అక్షరాలకు అంకెల విలువ ఉంటుంది. ఆ పేరు విలువ 600. కుచ్చులో 8 పోగులు, 5 ముడులు. మొత్తం 613. తోరాలోని ఆజ్ఞలు అన్నే అని వాళ్ల లెక్క. అంటే కుర్రాడు కప్పుకునేది శాలువా కాదు, బాధ్యతల జాబితా.

ఇది తాతో తండ్రో ఇవ్వడం చాలా ఇళ్లల్లో ఆనవాయితీ. ‘మరి అంకుల్‌ది ఉండాలి కదా, అదే వేయండి’ అన్నాను. అవతల కొంచెంసేపు మాట లేదు. యూదుల్లో మగమనిషి పోతే అతని తల్లిత్‌ను అతనికే చుట్టి ఖననం చేస్తారట. అంతకుముందు ఒక మూల కుచ్చు కత్తిరిస్తారు. ఆజ్ఞల బరువు ఇక ఈ మనిషి మీద లేదని దాని అర్థం. తాత శాలువా మనవడికి రాలేదు, తాతతోనే వెళ్లింది.

నా సమస్య అక్కడే తేలిపోయింది. లేదా, అక్కడే మొదలైంది. ఎందుకంటే ఇతర మతస్తుడు తల్లిత్ ఇవ్వవచ్చా అన్నది అడగకుండా తేల్చుకునే విషయం కాదు. అడిగాను. అతను వాళ్ల పెద్దలను అడిగి చెప్పాడు. ‘బట్ట నువ్వు తీసుకురా. దారాలు మేం కడతాం.’ కుచ్చులు కట్టడం ఆ ఉద్దేశంతో యూదులే చేయాల్సిన పని. బట్ట మాత్రం ఎక్కడిదైనా ఫరవాలేదు. ఒకే షరతు. ఉన్ని, నార కలిపిన బట్ట వాళ్లకు నిషిద్ధం. కుచ్చులు సాధారణంగా ఉన్నివి కాబట్టి బట్టలో లినెన్ పోగు ఉండకూడదు. పట్టుకు అభ్యంతరం లేదు.

పట్టు అనగానే బిలాస్‌పూర్‌వాడు ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు. హౌరా వైపు రైలెక్కి కొద్ది స్టేషన్లు దాటితే చాంపా. కోసా పట్టుకు పుట్టిల్లు. ఈ పురుగు మల్బరీ తినదు. అడవిలో మద్దిచెట్ల ఆకు తింటుంది. అందుకే దారానికి రంగు వేయకపోయినా పండిన వరికంకి రంగు. మెరుపు తక్కువ, మన్నిక ఎక్కువ. నేసేది దేవాంగన్‌లు. ఆ పేరు వినగానే మనకు మన దేవాంగులే గుర్తొస్తారు. చాంపా పట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే మార్కెట్లో లినెన్ కలిపిన కోసా విరివిగా దొరుకుతోంది, సింథటిక్ కలిపినదీ ఉంది. సిల్క్ మార్క్ లేబుల్ చూడండి. అనుమానం ఉంటే అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చమనండి. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. ప్లాస్టిక్‌లా కరిగి ఉండకట్టిందంటే వెనక్కి తిప్పేయండి.

నేతగాడితో బేరం ఆడుతుండగా ఇంకో విషయం తట్టింది. అదే తానులో మరికొన్ని మీటర్లు తీసుకుంటే మేనకోడలికి ఓణీ అవుతుంది.

ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పాను. ముఖం ముడుచుకుంది. ‘మేనమామ ఓణీ ఒక్కటే పెట్టాడంటే మా అత్తగారివాళ్లు ఏమనుకుంటారు?’ అంది. నిజం చెప్పాలి. ఆదర్శం కొద్దీ బంగారం వద్దనుకున్నానని రాసుకుంటే బాగానే ఉంటుంది గానీ, తులం కొనే స్థితి నాకు ఈ ఏడాది లేదు. చెల్లెలికి ఆ మాట చెప్పుకోలేక, కోసా గొప్పదనం గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఆమె వినలేదు. అమ్మే కలగజేసుకుంది. ‘మేనమామ బట్ట పెట్టాలి. బంగారం పెట్టాలని ఎవరు రాశారు? నా ఓణీలకు మా మామయ్య బరంపురం పట్టు పెట్టాడు. ఆయన పేరు ఇప్పటికీ ఆ పట్టుతోనే చెప్పుకుంటాను. గొలుసు పెట్టినవాళ్లు ఎవరో గుర్తులేదు.’

అమ్మ మాటను కొంచెం లోతుగా చూస్తే మన ఆచారాల్లో మొదటి స్థానం ఎప్పుడూ ఖరీదుది కాదని అర్థమవుతుంది. బారసాలకు మొలతాడు, వెండి మురుగులు. పుట్టువెంట్రుకలు తీయించాక కొత్తబట్టలు. ఆడపిల్లకు ఓణీ, మగపిల్లవాడికి పంచె. వడుగైతే జంధ్యం, నూలు పోగులే. పెళ్లిలో మంగళసూత్రానికి రెండు బిళ్లలు, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. కాలికి వెండి మెట్టెలు. ఇవన్నీ రోజూ ఒంటిమీద ఉండేవి. ఎవరి స్థానం ఏమిటో, ఎవరి బాధ్యత ఎంతో చెప్పేవి. తల్లిత్‌దీ అదే పని.

వెతికితే పోలికలు ఇంకా దొరికాయి. కొన్ని యూదు సంప్రదాయాల్లో మగపిల్లవాడికి మూడో ఏట దాకా కత్తెర తగలనివ్వరు. తీసిన రోజున చిన్న టోపీ, చిన్న కుచ్చుల బనియను తొడుగుతారు. తిరుపతి మెట్లెక్కిన మనకు ఇది వివరించి చెప్పాలా? వాళ్లు డబ్బు కానుక ఇస్తే 18 గుణిజాల్లో ఇస్తారు. ‘జీవం’ అనే హీబ్రూ మాట విలువ 18. మనం నూటపదహార్లు చదివిస్తాం. గుండ్రని అంకె ఇద్దరికీ నచ్చదు. బిడ్డ పుట్టకముందే బట్టలు కొనడం మనవాళ్లకు ఇష్టం ఉండదు. చాలా యూదు కుటుంబాల్లోనూ అదే పట్టింపు. బెనె ఇజ్రాయెల్ పెళ్లిళ్లలో మెహందీ ఉంటుంది, వధువు మెడలో మంగళసూత్రం కూడా కనిపిస్తుంది. ఉంగరం దగ్గర మాత్రం తేడా ఉంది. యూదు పెళ్లిలో వరుడు తొడిగేది రాళ్లు లేని సాదా ఉంగరం. రాయి ఉంటే విలువ ఎంతో తెలియక వధువు మోసపోవచ్చన్నది పాతకాలపు జాగ్రత్త.

ఇక్కడో మాట. యూదులంటే మనకు ఠాణే దాకా వెళ్లాల్సిన పని లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ పేరుతో తెలుగు యూదు సముదాయం ఉంది. ఎక్కువగా మాదిగ నేపథ్యం నుంచి వచ్చిన కుటుంబాలు. తమది ప్రాచీన ఇజ్రాయెల్ గోత్రమని చెప్పుకుంటారు. వాళ్ల గురించి యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ పరిశోధించి 2013లో పుస్తకమే తెచ్చారు. ఆ పరిశోధకులు ప్రధానంగా చూసింది కులమూ మతమూ కలిసే చోటును. నాకు మాత్రం అందులో ఒక చిన్న సంగతి పట్టుకుంది. తలమీద కిప్పా పెట్టుకుని నోట తెలుగు మాట్లాడే మనుషులున్నారు. అంటే ఒంటిమీద ఏం వేసుకున్నామన్నది కొందరికి అలంకారం కాదు. ‘మేమెవరం’ అన్న ప్రశ్నకు రోజూ ఇచ్చుకునే జవాబు.

కాబట్టి అలాంటి ఇంటికి కానుక తీసుకెళ్లేవారికి నేను నేర్చుకున్న నాలుగు విషయాలు. ఒకటి, అడగండి. ఆశ్చర్యపరచాలన్న సరదా మతానికి సంబంధించిన వస్తువుల దగ్గర పనికిరాదు. కొన్ని యూదు సముదాయాల్లో పెళ్లయ్యాకే తల్లిత్ వేస్తారు. అలాంటి ఇంట్లో పదమూడేళ్లవాడికి ఇస్తే పదేళ్లు పెట్టెలో ఉంటుంది. రెండు, తెఫిలిన్ జోలికి పోకండి. ప్రార్థనలో చేతికి, నుదుటికి కట్టుకునే తోలు పేటికలివి. లోపలి తోలుకాగితాలు శిక్షణ పొందిన లేఖకుడు చేత్తో రాయాలి. ఎంపిక కుటుంబానికే వదలాలి. మూడు, శనివారం కానుక చేత్తో పట్టుకుని వెళ్లకండి. నిష్ఠగలవాళ్లు ఆ రోజు డబ్బు ముట్టరు, వస్తువులు మోయరు. ముందురోజే పంపండి. తోరా పఠనం సోమ, గురువారాల్లోనూ ఉంటుంది కాబట్టి వేడుక ఆ రోజుల్లో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. నాలుగు, ఆడపిల్లకైతే నగ బాగుంటుంది. ‘జీవం’ అన్న హీబ్రూ మాట చెక్కిన చిన్న లాకెట్ చాలామంది ఇష్టపడతారు. బంగారమే కొనేవారు మన దగ్గరైనా, వాళ్ల దగ్గరైనా ఆరు అక్షరాల హాల్‌మార్క్ కోడ్ చూసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా కొత్త నగ అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు వాటికి మాత్రం మినహాయింపు.

ఒక అభ్యంతరం ఉండనే ఉంది. పదమూడేళ్ల కుర్రాడికి, పదకొండేళ్ల పిల్లకు ఈ అర్థాలన్నీ ఎందుకు? వాళ్లకు కావలసింది స్మార్ట్‌వాచీ. అదీ ఒంటిమీద వేసుకునేదే కదా. నిజమే. ఒకప్పుడు మన రైల్వే కాలనీలో అల్లుడికైనా, పదో తరగతి పాసైన కొడుక్కైనా పెట్టేది హెచ్ఎంటీ వాచీయే. ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. నాన్నగారి వాచీ మాత్రం కీ ఇస్తే ఇప్పటికీ నడుస్తోంది. స్మార్ట్‌వాచీ వద్దని నేననను. కాకపోతే అది మూడేళ్లలో పాతబడిపోతుంది. దాన్ని ఎవరు పెట్టారన్నదీ దానితో పాటే పోతుంది. కానుక మన్నికకు కొలత వస్తువు కాదు, ఇచ్చినవాడి పేరు ఎన్నాళ్లు దానికి అంటిపెట్టుకుని ఉంటుందన్నది.

ఠాణేకి వెళ్లాను. 1879 నాటి ‘శార్ హషమాయిమ్’ ప్రార్థనామందిరం ఆ ఊళ్లోదే. వేడుక గురువారం పెట్టుకున్నారు. బట్టను నెల ముందే పంపాను. నాలుగు మూలలా గట్టి గుడ్డ అతికించి, రంధ్రాలు చేసి, తెల్లటి ఉన్ని కుచ్చులు వాళ్లే కట్టుకున్నారు. కుర్రాడు శాలువా తలమీదుగా కప్పుకుని, దీవెన చదివి, భుజాల మీదికి జార్చుకున్నాడు. పొడవు ఎక్కువై వెనక నేలను తాకబోయింది. పక్కనున్న వాళ్ల నాన్న దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. పెద్దయ్యాకా పనికిరావాలని కొలతలు ఇచ్చింది అతనే.

చదవడం అయ్యాక కుర్రాడు నా దగ్గరికొచ్చి మరాఠీ యాసతో హిందీలో అడిగాడు. ‘మా తాత శనివారం డ్యూటీలన్నీ మీ నాన్న చేసేవారట కదా?’ అవునన్నాను. ‘మరి మీ పండుగ డ్యూటీలు?’ ‘మీ తాత చేసేవారు.’ వాడు కాసేపు లెక్క వేశాడు. ‘ఏడాదికి శనివారాలు 52. పండుగలు అన్ని ఉండవు. అయితే మేమే మీకు బాకీ’ అన్నాడు. రెండు బాకీలతో మొదలైన నా శీతాకాలంలో ఒకటి ఇలా తిరగబడింది.

రెండు వారాలకు ఇక్కడ ఓణీల వేడుక. చెల్లెలి అత్తగారు ఓణీ చేత్తో పట్టుకుని చూసి ‘కోసాయేనా?’ అంది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. మెచ్చుకుందో, లెక్క వేసుకుందో నాకు తెలియదు. చెల్లెలు మాత్రం ఆ రోజంతా నాతో ముభావంగానే ఉంది. ఆ సంగతి దాచడం ఎందుకు? అన్ని కానుకలూ అందరినీ సంతోషపెట్టవు.

రాత్రి బంధువులంతా వెళ్లాక మేనకోడలికి ఠాణే ఫొటోలు చూపించాను. ఫోను లాక్కుని ఫొటో పెద్దది చేసి చూసింది. ‘మామా, యే తో మేరా ఓణీ హై!’ అంది. కాదు, ఒకే తాను అన్నాను. తాను అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. తర్వాత ఆ అబ్బాయి ఎవరని అడిగింది. తాతగారి శనివారం డ్యూటీల దగ్గర మొదలుపెట్టి మొత్తం తెలుగులోనే చెప్పాను. నిద్ర వచ్చేదాకా వింది.

సంక్రాంతికి వాళ్లింటికి వెళ్తే, ఆ ఓణీ జీన్స్ మీద చున్నీలా వేసుకుని ముగ్గు ముందు కూర్చుని ఉంది. అంచుకు పసుపు అంటింది. చెల్లెలు అరుస్తోంది, పట్టు పాడైపోతుందని. అమ్మ మాత్రం నా వైపు చూసి తల ఊపింది. రెండోసారి ఒంటిమీదికి వచ్చింది కదా, చాలు.